ఓటు అడిగాం, చందా కూడా అడిగాం

మొన్న డిసెంబరులో మా వదిన మా ఊరి సర్పంచ్‌గా పోటీ చేసింది. ఫోన్లు చేసే పని, చందాల పుస్తకం రాసే పని నాకు అప్పజెప్పారు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది కాబట్టి పుస్తకం సంగతి సరే. ఫోన్లు ఎందుకంటే, ఎవరి బిడ్డను ఏ ఊరికి ఇచ్చారో, ఎవరి కొడుకు ఏ దేశంలో ఉన్నాడో అమ్మ తర్వాత నాకే తెలుసని అన్నయ్య నమ్మకం. గెలిచినప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, ఆఫీసులో వాళ్లు ఒకటే అడుగుతున్నారు: పైసలు పంచకుండా ఎట్లా గెలిచారని. పంచలేదన్న మాట నిజమే, కానీ అది సగం సంగతి. మేం ఎదురు అడిగాం. ఓటు వెయ్యండి, దాంతోపాటు పదో, యాభయ్యో మీకు తోచింది ఇయ్యండి అని గడప గడపలో అడిగాం. మిగతా సగం అదే.

మాది జగిత్యాల జిల్లా. వాడకట్టుకు నలుగురైదుగురు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉండే ఊరు. ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చేస్తారు. వరి, మక్క, పసుపు మా పంటలు. 2024 ఫిబ్రవరి నుంచి ఊరికి సర్పంచ్ లేడు, వార్డు మెంబర్లు లేరు, ప్రత్యేకాధికారుల పాలనే. స్తంభం మీద లైటు పోయినా, మోరీ నిండినా ఎవరిని పట్టుకోవాలో తెలియని రెండేళ్లు అవి. రిజర్వేషన్ల మీద కోర్టులో వాదనలు నడిచి నడిచి, చివరకు 2025 నవంబరు 25న షెడ్యూల్ వచ్చింది. డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. మాది రెండో విడత, బీసీ మహిళకు రిజర్వు.

వదిన మహిళా సంఘంలో చాలా ఏళ్లు పనిచేసింది, ఊళ్లో మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ ఐక్య సంఘానికి అధ్యక్షురాలిగా కూడా చేసింది. ఊరి ఆడవాళ్ల అప్పు పుస్తకాలు ఆమెకు నోటికి వచ్చు. నిలబడాలని ఆమెను అడిగింది కూడా ఆ సంఘం వాళ్లే.

నామినేషన్ వేసిన రెండో రోజే మండల కేంద్రంలో ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన మనిషిని పంపాడు. మూడు లక్షలు ఇస్తాడట, ఎప్పుడు తిరిగిచ్చినా ఫర్వాలేదట, అసలు ఇవ్వకపోయినా ఏమీ అనుకోడట. ఐదు వేలలోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పెట్టడానికి చట్టం ఒప్పుకునేదే లక్షన్నర. అంటే ఆయన ఇస్తానన్నదాంట్లో సగం పైసలు దొంగచాటుగా తప్ప ఖర్చు పెట్టే దారే లేదు. అన్నయ్య కాసేపు ఊగిసలాడాడు. మస్కట్‌లో ఏళ్లపాటు ఎండలో పనిచేసి వచ్చిన మనిషి, అప్పు లేకుండా పైసలు వస్తున్నాయంటే ఎవరికైనా మనసు లాగుతుంది. వదిన మాత్రం అన్నం వడ్డిస్తూనే చెప్పేసింది. "ఆయన తాన తీసుకుంటే రేపు ఆయన ఇంటికి పోయి కూసోవాలె. ఊరి తాన తీసుకుంటే ఊళ్లెనే కూసుంట."

ఆ రాత్రే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఐదు వందలకు మించి తీసుకోవద్దు. బయట సంపాదించుకుంటున్నవాళ్ల దగ్గర ఐదు వేలకు మించొద్దు. ఎవరిచ్చినా రసీదు, ఎంతిచ్చినా పుస్తకంలో పేరు. పేరు రాయొద్దంటే పైసలు వద్దు. బెల్ట్ షాపు నడిపేవాళ్ల దగ్గర, ఇసుక ట్రాక్టర్ల వాళ్ల దగ్గర అస్సలు వద్దు. వదిన పేరు మీద కొత్త బ్యాంకు ఖాతా తెరిచి, వచ్చినవన్నీ అందులో వేసి, ఖర్చులన్నీ అందులోంచే తీశాం. జగిత్యాలలో స్టేషనరీ షాపు నుంచి కార్బన్ పెట్టి రాసే రసీదు పుస్తకాలు తెచ్చాను. ఎన్నికల సామగ్రి అంటే అందరికీ ఫ్లెక్సీలు, కండువాలు గుర్తొస్తాయి. నా మటుకు నాకు ఆ రసీదు పుస్తకాల కంటే బలమైన సామగ్రి కనిపించలేదు.

ఉపసంహరణలు డిసెంబరు 6న అయిపోయి గుర్తులు ఇచ్చారు. ప్రచారం 12న సాయంత్రం ఐదింటికి ఆపేయాలి. ఊరంతా తిరగడానికి దొరికింది ఆ కొద్ది రోజులే. పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ పేపర్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. మనిషి మీద ఎంత ప్రేమ ఉన్నా గుర్తు గుర్తులేకపోతే ఓటు పోయినట్టే. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరాల వరసలో పెట్టి, ఆ వరసలోనే గుర్తులు ఇస్తారు. వదినకు కత్తెర వచ్చింది. బీడీలు చేసే ఊళ్లో కత్తెర లేని ఇల్లు ఉండదు, తునికాకు కత్తిరించేది దాంతోనే కదా. ఆ రోజు ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం.

ఎదుటివాళ్లు డీజే పెట్టి, యాభై అరవై మందితో వాడల వెంబడి తిరిగారు. ఆ గుంపు ఒక ఇంటి ముందు ఆగేది దండం పెట్టేంతసేపే. ఇంట్లో మనిషి ఏమన్నా చెబుదామని నోరు తెరిచేలోపు పక్కింటి ముందుకు వెళ్లిపోతారు. మేం ముగ్గురం, ఎక్కువైతే నలుగురం వెళ్లేవాళ్లం. కూర్చునేవాళ్లం. పీట వేస్తే పీట, లేకపోతే అరుగు. వార్డు ఓటరు జాబితా జిరాక్స్ నా చేతిలో, అందులో ప్రతి ఇంటి నంబరు పక్కన నేను రాసుకున్న ముచ్చట్లు: ఆ ఇంట్లో ఎవరి మాట నడుస్తుంది, ఎవరు బయట ఊళ్లో ఉన్నారు, పోయినసారి ఏం బాధ చెప్పుకున్నారు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దవ్వ వరస అయ్యే ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తోంది. ఒడిలో చాట, చాటలో ఒక పక్క తంబాకు, తడిబట్టలో చుట్టిన ఆకు. మమ్మల్ని చూసి తల ఊపింది తప్ప చెయ్యి ఆపలేదు. వదిన పక్కన కూర్చుని ఇంకో కత్తెర అందుకుని ఆకు మీద రేకు పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. పెళ్లయి వచ్చిన కొత్తలో వదిన కూడా బీడీలు చేసిన మనిషే. కాసేపు ఆకు గురించే మాట్లాడుకున్నారు, ఈసారి ఆకు ఎట్లా సన్నగా వస్తోందో, కార్ఖానాలో కట్టలు ఎట్లా తీసేస్తున్నారో. తర్వాత పెద్దవ్వే అడిగింది.

"ఏమిస్తరే ఈసారి?"

"ఇచ్చుడు లేదు పెద్దవ్వా. నువ్వే ఇయ్యాలె."

అప్పుడు ఆగింది చెయ్యి. "నేనేమిస్తనే? పింఛన్ మీద బతికేదాన్ని."

"పది రూపాయలియ్యి, పాంప్లెట్ల ఖర్చుకు. నీ పేరు రాసుకుంటం. రేపు నేను గెలిచి మోరీ తీపియ్యకపోతే మా ఇంటి ముందట నిలవడి, నా పది రూపాయలేవే అని అడుగు. నన్ను అడిగే హక్కు నీకుంటది."

ఆమె వదిన మొహంలోకి చాలాసేపు చూసింది. నడుముకు చెక్కుకున్న సంచి విప్పి యాభై రూపాయల నోటు తీసింది. నేను రసీదు మీద అలవాటుగా ఆమె కొడుకు పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "వాని పేరెందుకు? పైసలు నాయి. నా పేరు రాయి." రాసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి పింఛన్ పుస్తకంలో దాచుకుంది. ఇన్నేళ్లలో ఎంతమంది నాయకులు ఆ వాకిట్లోకి వచ్చారో, చేతిలో ఏదో ఒకటి పెట్టి వెళ్లారో. ఆమెను ఇయ్యమని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఇచ్చినందుకు ఆమె పేరు రాసుకున్నవాళ్లూ లేరు.

అన్ని ఇళ్లలో ఇట్లాగే జరగలేదు. "అడుక్కునేటోళ్లు ఊరేమేలుతరు" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఒక పిల్లగాడు మా రసీదు ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టి నవ్వుకున్నాడు. అన్నయ్య చాలా బాధపడ్డాడు, ఒక పూట బయటకు రాలేదు. వదిన ఆ స్టేటస్ చూసి, ఆ పిల్లగాడి వాళ్లమ్మ దగ్గరికే వెళ్లి చందా అడిగింది. వంద ఇచ్చింది ఆమె. అడగకూడని ఇళ్లు కూడా ఉంటాయి. చావు జరిగి నెల కాని ఇల్లు, ఆస్పత్రి ఖర్చుల్లో మునిగిన ఇల్లు, ఆ రోజు కైకిలి, అంటే కూలి పని, దొరకని ఇల్లు. అక్కడ పుస్తకం సంచిలోంచి తీసేదే లేదు. అసలు ఆ ఇళ్లలో ఓటు మాట కూడా వదిన ముందుగా ఎత్తేది కాదు.

ఇక ఫోన్లు. ఈ పని రాత్రిపూటే. మా ఊరి ఓటర్లు హైదరాబాద్‌లో జీడిమెట్ల, కూకట్‌పల్లి వైపు చాలామంది. భివండిలో మగ్గాల మీద కొన్ని కుటుంబాలున్నాయి. పోలింగ్ 14న, అదృష్టం కొద్దీ ఆదివారం. ఫోన్ ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే: "బండి పెడ్తరా?" వేరేవాళ్లు పెడుతున్నారు. ఓటర్లను కిరాయి బండ్లలో తోలుకురావడం ఎన్నికల నేరం, అది చెబితే మాత్రం ఎవరు వింటారు? అందుకని నేను ఎవరు ఎవరికి దగ్గరలో ఉంటున్నారో చూసి వాళ్లను వాళ్లకే కలిపాను. కారు ఉన్నాయనకు ఫోన్ చేసి, నీ వీధి వెనకాలే మన ఊరివాళ్లు ఇద్దరున్నారు, డీజిల్ పంచుకుని రండి అని చెప్పాను. ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో, పల్లెవెలుగులో ప్రయాణం ఎట్లాగూ ఉచితమే. శనివారం సాయంత్రమే బయల్దేరి అమ్మగారింట్లో పడుకుని ఓటేసి వెళ్లమని ఒక్కొక్కరికి విడిగా చెప్పాను. గ్రూపులో మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు వస్తుంది, మనిషి రాడు. పేరు పెట్టి పిలిచి, మీ అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయని అడిగి, ఏ బస్సుకు వస్తున్నావో చెప్పించుకుంటే వస్తాడు. చెప్పిన బస్సు పేరు కూడా రాసుకునేదాన్ని.

గల్ఫ్ ఫోన్లు వేరే రకం. దుబాయ్, షార్జా వైపు వాట్సాప్ కాల్ పనిచేయదు, బోటిమ్ అనే యాప్‌లో చెయ్యాలి. మన తొమ్మిదిన్నర అంటే వాళ్లకు ఎనిమిది, డ్యూటీ నుంచి వచ్చి వంట చేసుకునే వేళ. వాళ్ల ఓట్లు జాబితాలో ఉన్నా ఇక్కడికి వచ్చి వేస్తేనే చెల్లుతాయి, అక్కడినుంచి వేసే వీలు లేదు. అందుకే ఏ అభ్యర్థీ వాళ్లకు ఫోన్ చేయడు. కానీ ఆ ఇంటికి నెల నెలా పైసలు పంపేది ఆయన, ఆ ఇంట్లో నాలుగు ఓట్లు ఎటు పోవాలో ఆయన మాట లేకుండా తేలదు. ఓట్ల లెక్క పక్కన పెట్టినా, ఊరు వదిలి ఇరవై ఏళ్లయిన మనిషికి ఊరి సంగతి ఎవరూ చెప్పకపోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

షార్జా నుంచి ఒకాయన, నాకు బావ వరస, ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. వెనకాల కుక్కర్ కూత, గదిలో మరో ఐదారుగురి గొంతులు. వదిన మాట్లాడింది. రోడ్డు, నీళ్లు, లైట్లు అని ఆమె చెబుతుంటే ఆయన మధ్యలో ఆపాడు. "చెల్లె, అవన్ని సరే. ఈడ మాకేమన్న అయితే ఊళ్లె కాగితాలు తయారుచేసి ఇచ్చేటోళ్లుండాలె. పోయినేడాది మన పక్కూరాయన పాణం పోతే శవం రానీకె ఎన్ని దినాలైందో ఎరికేనా? ఇంటోళ్లకు ఏ ఆఫీసుకు పోవాల్నో చెప్పేటోడే లేడు." వదిన వెంటనే మాటివ్వలేదు. పంచాయతీ చేతిలో ఉన్నది ఎంతో, ఎమ్మార్వో ఆఫీసుకు పోవాల్సింది ఎంతో తెలుసుకుని రెండు రోజుల్లో మళ్లీ ఫోన్ చేస్తానంది. చేసింది కూడా. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో రాయించి, ఆ జాబితాను వాయిస్ మెసేజ్‌గా పంపింది. ఆ గదిలో ఉన్న మా ఊరివాళ్లంతా కలిసి పంపిన పైసలు మా పుస్తకంలో ఒక పేజీ నిండా ఉన్నాయి, ఎవరి పేరు మీద వాళ్లవి. పైసల కంటే ముందు, మరునాడు పొద్దున వాళ్ల వాళ్ల ఇళ్లకు వాళ్ల ఫోన్లు వచ్చాయి.

విదేశాల నుంచి చందా అనేసరికి ఒక జాగ్రత్త ఉంది, పోటీ చేయాలనుకునేవాళ్లు తెలుసుకోవాలి. భారత పౌరుడు గల్ఫ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర అభ్యర్థి పైసా తీసుకోకూడదు, విదేశీ విరాళాల చట్టం ఒప్పుకోదు. నాతో పదో తరగతి చదివిన ఒకతను డాలస్‌లో ఉంటాడు, ఐదు వందల డాలర్లు పంపుతానన్నాడు. సిటిజన్‌షిప్ వచ్చిందా అని అడిగాను. వచ్చి మూడేళ్లయిందన్నాడు. నీ పైసలు వద్దు, నీ ఫోన్ కావాలె అన్నాను. ఊళ్లో వాళ్ల చిన్నాయన కుటుంబం పెద్దది. ఏళ్ల కింద పొలం గట్టు తగాదాతో మాటలు ఆగిపోయాయి. ఎన్నిక పేరు మీద ఆ రెండు ఇళ్లూ మళ్లీ మాట్లాడుకున్నాయి. ఓట్లు మాకు పడ్డాయో లేదో తెలియదు.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడొకడు, ఐదు వేలు ఇస్తా, పన్ను మినహాయింపు రసీదు ఇస్తావా అక్కా అన్నాడు. ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు రిజిస్టరైన రాజకీయ పార్టీకి గానీ ఎలక్టోరల్ ట్రస్టుకు గానీ ఇచ్చిన విరాళానికే. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, మా వదిన ఏ పార్టీ తరఫునా నిలబడలేదు. నీకు మినహాయింపు రాదు అని తేల్చి చెప్పాను. రెండు వేలు పంపాడు. దాచిపెట్టి ఐదు వేలు రాబట్టడం కంటే అదే మేలు.

12న సాయంత్రం మేం ఇళ్లకు పోవడం ఆపేశాం. ఆ రెండు రాత్రులు ఊళ్లో ఏం జరిగిందో తెలంగాణలో ఏ ఊరివాళ్లకూ నేను చెప్పక్కర్లేదు. కవర్లు వచ్చాయి, సీసాలు వచ్చాయి, కోళ్లు వచ్చాయి. తీసుకున్నవాళ్లను ఒక్క మాట అనొద్దని వదిన మా అందరికీ గట్టిగా చెప్పింది, నాదీ అదే అభిప్రాయం. కైకిలి చేసుకునే మనిషి చేతిలో రెండు వేలు పెట్టి పరీక్షించడం ఘోరం, ఆ ఘోరం పెట్టినవాడిదే. మాకు చందా ఇచ్చినవాళ్లలో కూడా ఆ కవర్లు తీసుకున్నవాళ్లుంటారు. కానీ మా పుస్తకంలో పేరున్న ఆడవాళ్లు ఆ రెండు రోజులు బీడీ కార్ఖానా దగ్గర, నల్లా దగ్గర మా తరఫున మాట్లాడారు. మేం చెప్పమనలేదు. తన యాభై రూపాయలు పెట్టిన మనిషికి మా గెలుపోటములు తన సొంత విషయం అయిపోయాయి. ఇది చందాలు అడగక ముందు నాకు అర్థమయ్యే సంగతి కాదు.

14న పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటి నుంచి లెక్కింపు. గెలిచాం. మెజారిటీ పెద్దదేం కాదు.

ఎన్నికల సంఘానికి ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. అది ఇవ్వడం ఎట్లాగూ చట్టం. వదిన అంతటితో ఆగలేదు. అదే లెక్కను పెద్ద చార్టు మీద నాతో రాయించి, చందా ఇచ్చినవాళ్లందరినీ పిలిచి స్కూలు ఆవరణలో చదివింది. డిపాజిట్ వెయ్యి, పాంప్లెట్లు, ఫ్లెక్సీలు, మైకు ఆటో కిరాయి, పోలింగ్ ఏజెంట్ల భోజనాలు, చాయ్. మిగిలింది ఎంతో అది కూడా. మిగిలినదాన్ని ఏం చేయాలో మీరే చెప్పండి అంటే స్కూల్లో ఆడపిల్లల బాత్రూంకు తలుపు పెట్టించమన్నారు. షార్జా వాళ్ల కోసం ఆ చార్టు ఫోటో తీసి పంపాను.

అంతా అయిపోయిందనుకుంటుండగా వెనకనుంచి ఒకాయన లేచాడు. పుస్తకంలో చూస్తే ఆయన ఇచ్చింది ఇరవై రూపాయలు. మైకు ఆటోకు అంత కిరాయి ఎందుకిచ్చారు, జగిత్యాలలో అంతకంటే తక్కువకు దొరుకుతుంది కదా అని నిలదీశాడు. ఎన్నికల రోజులు, ఆటోలు దొరకలేదని వదిన బిల్లు తీసి చూపించింది. ఆయన ఒప్పుకోలేదు. అడగాల్సిన చోట మీరు అడగలేదు, నన్నడిగితే నేను మాట్లాడేవాణ్ని అన్నాడు. సరే కాకా, ఈసారి పంచాయతీకి ఏది కొన్నా ముందుగాల నీతో ధర అడిగిపిస్త అని వదిన అంది. ఆయన అక్కడే నిలబడి, ఏ నెలలో ఏమేం కొనాల్సి ఉందో చదవమన్నాడు.